పాత రాతి కడీలు పీకడం: కడీ విరగకుండా, మనిషికి దెబ్బ తగలకుండా

చేను చుట్టూ కంచె తీగ కట్టడానికి ఎప్పుడో పాతిన రాతి స్తంభం, అంటే కడీ, నేలలో ఉండేది ఒకటిన్నర, రెండు అడుగులే. అయినా నలుగురు పట్టి ఊపినా కదలదు. బరువు వల్ల అనుకుంటారు గానీ, 7 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న గ్రానైటు కడీ తూగేది 90 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఘనపుటడుగు గ్రానైటు సుమారు 75 కిలోలు ఉంటుంది, ఆ లెక్కన ఎవరి కడీ బరువు వాళ్లే తేల్చుకోవచ్చు. ఆ బరువు ఎత్తే సరంజామా ప్రతి ఊళ్లోనూ ఉంది. కదలనివ్వనిది మట్టి. ఏళ్ల తరబడి వానకు నాని, ఎండకు బిగిసి, పాతేనాడు చుట్టూ దిగ్గొట్టిన రాళ్లతో కలిసి అది కడీని బిగించి పట్టుకుంటుంది. అందుకే నేను ఈ పనిని ఎప్పుడూ ఒకే వరసలో చేస్తాను: ముందు తీగ బిగువు తీయడం, తర్వాత మట్టి పట్టు విడిపించడం, ఎత్తడం ఆ తర్వాతే. ఎత్తడంతో మొదలుపెట్టిన చోటే కడీలు నడుముకు విరుగుతాయి, మనుషులకు దెబ్బలు తగులుతాయి.

గడ్డపార పట్టే ముందు కంచె పొడవునా ఒకసారి నడవాలి. మొదట చూడాల్సింది హద్దురాళ్లు. కంచె చాలాచోట్ల సర్వే రాళ్ల వెంటే పోతుంది, కొన్నిచోట్ల సర్వే రాయికే తీగ చుట్టి ఉంటుంది. హద్దురాయిని కదిలించడం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, పక్క చేను వాళ్లతో జీవితాంతం నలిగే తగాదాకు అంతకంటే తేలిక దారి లేదు. ఏది కడీ, ఏది హద్దురాయి అన్న అనుమానం ఉంటే పక్క రైతును పిలిచి ఇద్దరూ చూసి, హద్దురాళ్లకు సున్నం పూయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో పాతిన గ్రానైటు రాళ్లు కొత్తవి కాబట్టి తేలిగ్గానే గుర్తుపట్టొచ్చు. చిక్కంతా సగం కూరుకుపోయిన పాత రాళ్లతోనే.

రెండోది కరెంటు. సోలారు కంచె ఉంటే ఎనర్జైజరు (తీగలోకి కరెంటు పంపే పెట్టె) ఆపి, బ్యాటరీ వైర్లు ఊడదీసి, ఆ పెట్టెను అక్కణ్నుంచి తీసేయాలి. అడవిపందుల కోసం దొంగచాటుగా లైను కరెంటు తగిలించే అలవాటు కొన్ని చేలల్లో ఇంకా ఉంది. మీది కాని చేనులో పని ఒప్పుకుంటే ఈ మాట నోరు తెరిచి అడగాలి, మొహమాటపడకూడదు. బోరు స్టార్టరు దగ్గర ఫ్యూజులు పీకించి జేబులో వేసుకున్నాకే తీగ మీద చేయి వేయాలి. కంచె పక్కనే బోరు మోటారు కేబులు, పీవీసీ మెయిన్ పైపు, డ్రిప్ సబ్‌మెయిన్ వేసి ఉండటం మామూలే. పైపు ఏ పక్కన పోయిందో అది వేసిన మనిషినే అడిగి, అవతలి పక్క తవ్వాలి. తల పైకి కూడా చూడాలి. 11 కేవీ లైను కింద ఉన్న కడీల దగ్గర ముక్కాలి స్టాండు నిలపడం, జేసీబీ చేయి లేపడం వద్దు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపే అనుమతి) తీసుకుని కరెంటు ఆపించే దాకా ఆ నాలుగైదు కడీలను వదిలేయండి.

మూడోది పురుగూ పుట్రా. కడీ మొదట్లో పోగేసిన రాళ్ల కుప్పలు, అల్లుకున్న తీగలు, ఎండుగడ్డి తేళ్లకూ కట్లపాములకూ రక్తపింజరలకూ ఇష్టమైన చోట్లు. చేత్తో రాయి తీయకూడదు. పార కొనతోనో గడ్డపార మొనతోనో ముందు దొర్లించి చూడాలి. పొదలో కందిరీగల గూడు ఉందేమో దూరం నుంచే చూసుకోవాలి. మడమ దాటే బూట్లు, మందపు తోలు చేతితొడుగులు, తీగ కోసేటప్పుడు కళ్లద్దాలు ఉండాలి. చెప్పులతో ఈ పని చేయకూడదు.

ఇక తీగ. ముళ్ల తీగను పాతేనాడు గట్టిగా బిగించి కడతారు, పాతికేళ్లయినా మూలల దగ్గర ఆ బిగువు మిగిలే ఉంటుంది. బిగువు మీదున్న తీగను కోస్తే తుంచిన కొస ముళ్లతో సహా వెనక్కి లేచి చుట్టుకుంటుంది. ముఖానికీ మెడకూ తగిలేది ఇలాగే. చాలామంది ముందుగా మధ్య కడీల దగ్గరి బైండింగ్ వైర్లన్నీ విప్పి, చివరికి మూల దగ్గర కోస్తారు. అప్పుడు వంద అడుగుల తీగ ఒక్కసారిగా ఎగురుతుంది. దీన్ని తిరగేయాలి. కట్లు కట్లుగానే ఉంచి మూల కడీకీ రెండో కడీకీ మధ్య కోస్తే, తెగిన కొస పక్క కడీ కట్టు దాకానే వెనక్కి పోతుంది. కోసే చోటుకు రెండు పక్కలా అడుగు దూరంలో తీగకు తాడు ముడేసి కడీలకు కట్టేస్తే ఆ కాస్తా ఎగరదు. కోసేవాడు తీగ వరసలో నిలబడకుండా పక్కకు జరిగి, చేయి చాపి కోయాలి. పై వరసతో మొదలుపెట్టి కిందికి రావాలి. కింది వరస ముందు కోస్తే, తర్వాత బిగువు మీదున్న పై తీగల కింద వంగి పని చేయాల్సి వస్తుంది. బిగువంతా పోయాకే బైండింగ్ వైర్లు విప్పడం, తీగను కర్ర చట్రానికి చుట్టడం. అన్ని వరసల బిగువూ పోయేదాకా మూల కడీకి ఆసరాగా ఏటవాలుగా పెట్టిన రాయిని ముట్టుకోవద్దు. అది తీస్తే మూల కడీ తీగ లాగే వైపు పడిపోతుంది.

నేల పదును గురించి కొంచెం వివరంగా చెప్పాలి, సగం శ్రమ అక్కడే తగ్గుతుంది. ఎర్ర చెల్క, ఇసుక కలిసిన నేలల్లో ముందురోజు సాయంత్రం కడీ చుట్టూ నాలుగంగుళాల లోతు పాదు చేసి రెండు బిందెల నీళ్లు పోస్తే, తెల్లారేసరికి మట్టి గడ్డపారకు సులువుగా లేస్తుంది. మొరం నేలల్లో నీళ్లు కిందికి జారిపోతాయి కాబట్టి రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి పోయాలి. నల్లరేగడిలో మాత్రం ఇదే పని ఎదురు తిరుగుతుంది. రేగడి నీరు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బి కడీని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పైగా అడుగున గాలి చొరదు కాబట్టి ఎత్తేకొద్దీ కిందికి పీల్చినట్టు లాగుతుంది. నడి వేసవిలో అదే రేగడి పగుళ్లు తీసి ఇటుకలా బిగిసి ఉంటుంది, గడ్డపార మొన వంగుతుంది. వాన వెలిశాక, చేను దున్నకానికి పదునుకొచ్చిన రోజులే రేగడిలో కడీలు పీకడానికి సరైన అదను. తడి రేగడిలో తప్పనిసరిగా చేయాల్సి వస్తే, ఎత్తే ముందు కడీని ఆనుకుని రెండు పక్కలా గడ్డపారను అడుగు దాకా దించి తిప్పి తీయండి. ఆ బొక్కల్లోంచి గాలి లోపలికి పోతే పీల్పు వదులుతుంది.

తవ్వకంలో చాలామంది చేసే పని, కడీ చుట్టూ గుండ్రంగా లోతుకు తవ్వుకుంటూ పోవడం. దీంతో శ్రమ రెట్టింపు, పైగా సగంలో కడీ ఏ పక్కకు ఒరుగుతుందో ఎవరికీ తెలియదు. ఒక్క పక్కే తవ్వాలి. కడీని ఆనుకుని అడుగున్నర వెడల్పు, బయటికి మూడడుగుల పొడవు, కడీ దగ్గర దాని అడుగు తగిలేంత లోతు, అవతలి కొసకు పైకి ఏటవాలుగా వచ్చే గాడి తీయాలి. మిగతా మూడు పక్కల మట్టి కడీని నిలబెట్టే ఉంచుతుంది. అది పడితే ఈ గాడి వైపే పడుతుంది. కాబట్టి మొదటి పార దెబ్బకు ముందే కడీ పైకొసకు మోకు కట్టి, గాడికి ఎదురు దిక్కున పక్క కడీకో గట్టిగా దిగ్గొట్టిన గూటానికో బిగించాలి. తవ్వే మనిషి గాడిలో ఉన్నంతసేపూ ఆ మోకు వదులు కాకూడదు. అతను బయటికి వచ్చి, పార పక్కన పెట్టి, ‘సరే అన్నా’ అన్నాకే ముడి మీద చేయి వేయాలి. రాతి కడీల పనిలో ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త నాకు తెలియదు.

తవ్వుతుంటే మొదట తగిలేవి పాతేనాడు దిగ్గొట్టిన రాళ్లు. ఇవి చీలల మాదిరి పనిచేస్తాయి. వీటిని ఉంచి కడీని గుంజితే ఇంకా బిగుసుకుంటాయి. గాడి వైపు కనిపించినవన్నీ తీసేసి, మిగతా మూడు పక్కలా గడ్డపారను కడీని ఆనించి దించి, అందినన్ని రాళ్లు కదిలించాలి. అప్పుడు కడీ మొదట్లో, నేలకు బెత్తెడు లోపలే, ఎదురు పక్క నుంచి గడ్డపార పెట్టి మెల్లగా నొక్కితే రాయి గాడి వైపు అర అంగుళం జరుగుతుంది. ఆ కదలిక వచ్చిందంటే పట్టు విడిచినట్టే.

ఊపడమైనా నొక్కడమైనా మొదట్లోనే చేయాలి, పైకొసన కాదు. గ్రానైటు ఎంత బరువు మీద పెట్టినా నలగదు గానీ వంపుకు తట్టుకోదు. నొక్కుడుకు ఆగే బలంలో వంపుకు ఆగేది పదో వంతు కూడా ఉండదు. మనిషి చేత్తో తోసినంత మాత్రాన మంచి కడీ విరగదు. అదే అయిదడుగుల ఎత్తున గొలుసు కట్టి ట్రాక్టరుతో పక్కకు గుంజితే, మూడు వందల కిలోల లాగుడుకే నేల మట్టానికి పుటుక్కున తెగిపోవచ్చు. తీగ కోసం వేసిన బెజ్జాల దగ్గర ఇంకా ముందే తెగుతుంది. అలా తెగిన పైముక్క అయిదడుగుల పొడవు, అరవై కిలోల పైన బరువుతో ఎటు పడుతుందో చెప్పలేం. కింది ముక్క మాత్రం నేలలోనే ఉండిపోయి పని రెండింతలవుతుంది. మొదలుపెట్టే ముందు ప్రతి కడీని చిన్న సుత్తితో పై నుంచి కింది దాకా తట్టి చూడండి. బాగున్న రాయి ఖంగుమంటుంది. లోపల పగులున్న రాయి మొద్దుగా పలుకుతుంది. అలాంటివాటికి సుద్దతో గుర్తు పెట్టి, నిలువునా ఎత్తకుండా గాడిలోకి పడుకోబెట్టే తీయాలి.

పడుకోబెట్టడానికి ముగ్గురు చాలు, నలుగురుంటే నింపాదిగా అవుతుంది. ఇద్దరు మోకును గూటానికి ఒక చుట్టు తిప్పి పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతారు. చుట్టు లేకుండా ఉత్త చేతుల మీద ఆపబోతే మోకు అరచేతుల్ని కోస్తుంది. ఒకరు మొదట్లో గడ్డపారతో నెడతారు. నాలుగో మనిషి గాడి పక్కన నిలబడి, ఒరుగుతున్న కడీ కిందికి పంగల కర్ర అందిస్తాడు. కడీ పొడవు, దానికి పైన రెండడుగులు కలిపి అంత దూరంలో ఇంకెవరూ ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు. ఏటవాలు గాడిలో పడుకున్నాక దాని కిందికి రెండు జీఐ పైపు ముక్కలు తోసి, మోకుతో లాగితే దొర్లుకుంటూ బయటికి వస్తుంది. ఈ పద్ధతిలో కడీని నిలువుగా ఎత్తే పనే లేదు.

గాడికి చోటు లేనప్పుడు, అంటే పక్కనే కాలువో పైపో చెట్టు మొదలో ఉన్నప్పుడు, నిలువునా ఎత్తక తప్పదు. నా చేతికి బాగా కుదిరేది బోరు మోటార్లు ఎత్తే ముక్కాలి స్టాండు, చైన్ బ్లాకు (గొలుసు లాగి బరువు ఎత్తే కప్పీ). మోటారు మెకానిక్కులందరి దగ్గరా ఉంటుంది, అద్దెకూ దొరుకుతుంది. ఒక టన్ను చైన్ బ్లాకు ధారాళంగా సరిపోతుంది. మూడు కాళ్ల కిందా చెక్కలు వేయాలి, లేకపోతే బరువు పడగానే ఒక కాలు మెత్తటి మట్టిలో దిగి స్టాండు ఒరుగుతుంది. మూడు కాళ్లనూ కింద గొలుసుతో కలిపి కడితే బయటికి జారవు. కొక్కెం సరిగ్గా కడీ నడినెత్తికి వచ్చేలా నిలపాలి. గొలుసును ఉరి మాదిరి కడీకి రెండు చుట్లు వేసి బిగిస్తే లాగేకొద్దీ బిగుసుకుంటుంది. నున్నటి రాయైతే కింద గోనెపట్టా చుట్టాలి, జారదు. ఈ ఉరి కడీ సగం ఎత్తుకు పైనే ఉండాలి. కింద కడితే బయటికి రాగానే తలకిందులవుతుంది. నాలుగంగుళాలు లేచాక ఆగి, ముడి చూసి, మళ్లీ ఎత్తాలి. ఎంత లాగినా కదలకపోతే బలం పెంచకండి, ఇంకో అరడుగు తవ్వండి. గొలుసు బిగిసి కడీ కదలకపోతే ఏదో రాయి ఇంకా అడ్డం ఉందన్నమాటే.

స్టాండు లేనప్పుడు మీట పనికొస్తుంది. ఏడడుగుల గట్టి సరుగుడు దుంగో ఇనుప పైపో తీసుకుని, దాని కొసను కడీకి చుట్టిన గొలుసులో దూర్చి, కడీకి ముప్పావు అడుగు దూరంలో చెక్క మొద్దు ఆధారంగా పెడితే, మనం తొక్కిన బరువుకు ఎనిమిది రెట్లు పైకి లాగుతుంది. ఆధారంగా ఇటుకా, గుండ్రాయీ వాడొద్దు. ఇటుక నలుగుతుంది, గుండ్రాయి దొర్లుతుంది. రెండు సందర్భాల్లోనూ దుంగ ఎగిరి దవడకు తగులుతుంది. లేచిన ప్రతి రెండంగుళాలకూ కింద మట్టి కూరి, గొలుసు కిందికి దించి మళ్లీ వేసుకోవాలి.

ట్రాక్టరు వాడదలిస్తే వెనక హైడ్రాలిక్ చేతులతో నిట్టనిలువుగా ఎత్తడానికే వాడండి. వెయ్యి కిలోలు పైన ఎత్తే బలం దానికి ఉంది, లేపే ఎత్తు మాత్రం రెండడుగుల లోపే. ట్రాక్టరును కడీకి వీలైనంత దగ్గరగా వెనక్కి తెచ్చి, బ్రేకులు బిగించి, రెండు చేతుల మధ్య అడ్డకడ్డీకి గొలుసు తగిలించి మెల్లగా లేపాలి. దూరం నుంచి ముందుకు పోతూ గుంజడం రెండు విధాల ప్రమాదం. గొలుసును వెనక ఇరుసు కంటే పైన కడితే, కడీ కదలనప్పుడు ముందు చక్రాలు లేచి బండి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. నైలాను తాడైతే సాగి సాగి తెగి, కొస తూటాలా వస్తుంది. డ్రైవరుకు సైగ చేసేది ఒక్కరే. ‘ఆపు’ అనే హక్కు మాత్రం అందరికీ ఉండాలి. జేసీబీతో పని తొందరగా అవుతుంది గానీ, బకెట్ పళ్లతో కొట్టి తీస్తే సగం కడీలు ముక్కలవుతాయి. మళ్లీ పాతుకునే ఉద్దేశం ఉంటే బకెట్‌తో పక్క మట్టి మాత్రం తీయించి, బెల్టు వేసి ఎత్తించండి.

కాంక్రీటులో నిలిపిన కడీల లెక్క వేరు. అడుగు చదరం, అడుగున్నర లోతు దిమ్మే వంద కిలోలు దాటుతుంది. కడీతో కలిపి ఎత్తాల్సింది దాదాపు రెండు వందలు. దిమ్మె చుట్టూ నాలుగు పక్కలా తవ్వి కలిపి ఎత్తడమో, కడీని కదలకుండా కట్టి దిమ్మెను సమ్మెటతో మూలల నుంచి పగలగొట్టడమో చేయాలి. సమ్మెట దెబ్బ కడీకి తగలకూడదు. గ్రైండరుతో కోస్తే నీళ్లు చల్లుతూ కోయాలి, మాస్కు ఉండాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.

సిమెంటు స్తంభాల్లో చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే పై పొర పెచ్చులూడుతుంది. నిలువు పగులు కనిపించిన స్తంభాన్ని ఒక చోట కట్టి ఎత్తితే మధ్యలో వంగి పెళ్ల రాలుతుంది, రెండు చోట్ల కట్టాలి. ఇనుప యాంగిళ్లు నేల మట్టం దగ్గరే తుప్పు తిని కాగితంలా పలచబడతాయి. అటూ ఇటూ వంచితే అక్కడే తెగి, కత్తిలాంటి మొన నేలలో మిగులుతుంది. అరడుగు తవ్వి, గట్టి ఇనుము దగ్గర గొలుసు వేసి ఎత్తాలి. కర్ర గుంజలు చెదపట్టి మొదట్లోనే కుళ్లుతాయి కాబట్టి వాటికీ ఇదే పద్ధతి.

విరిగి నేలలో మిగిలిన మొండేన్ని వదిలేద్దాం అనిపిస్తుంది. చేనులో అది కుదరదు, కల్టివేటరు కర్రు తగిలితే వంగుతుంది, రోటవేటరు బ్లేడు తెగుతుంది. రెండు ఎదురు పక్కలా తవ్వి, అడుగుకు దగ్గరగా గొలుసు ఉరి వేసి, స్టాండుతో ఎత్తడమే దారి.

బయటికి వచ్చిన కడీని ఇద్దరు భుజాన వేసుకోవడం చూస్తుంటాను, నడుములు పోయేది అక్కడే. రెండు చోట్ల తాడు ఉచ్చులు, రెండు వెదురు బొంగులు, నలుగురు మనుషులు ఉంటే ఒక్కొక్కరి మీద పడేది పాతిక కిలోల లోపు. ట్రాలీ ఎక్కించడానికి రెండు మందపాటి చెక్కలు వాలుగా వేసి జార్చండి. పేర్చేటప్పుడు వరసకూ వరసకూ మధ్య కర్ర ముక్కలు పెట్టి నాలుగు వరసలకు ఆపాలి. గోడకు నిలబెట్టొద్దు.

గుంతలు ఏ రోజువి ఆ రోజే పూడ్చాలి. రెండడుగుల గుంతలో పశువు కాలు పడితే విరుగుతుంది, గడ్డి కప్పితే మనిషికీ కనిపించదు. పూడ్చలేని రోజు ముళ్లకంప అడ్డం వేయండి. ఆరంగుళాల మందాన మట్టి పోసి దిమ్మిసతో కొట్టి మళ్లీ పోయాలి. కడీ ఉన్న చోటంతా ఖాళీ కాబట్టి తీసిన మట్టి చాలదు, కొంచెం తెచ్చి నేల కంటే మూడు నాలుగు అంగుళాలు ఎత్తుగా వదిలితే మొదటి పెద్ద వానకు దిగి సమానమవుతుంది. తుప్పు తీగ గీరుకున్నా, మట్టి పడ్డ గాయమైనా, సబ్బునీళ్లతో బాగా కడిగి అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లాలి. ధనుర్వాతం క్రిములు మట్టిలోనే ఉంటాయి, టీకా ఎప్పుడు వేయించుకున్నదీ చెబితే అవసరాన్ని బట్టి వేస్తారు.

ఇవన్నీ అయ్యాక కూడా కోసిన బైండింగ్ వైరు తునకలు గట్టు పొడవునా పడి ఉంటాయి. ఇది ఎవరూ పట్టించుకోరు. ఆవులూ గేదెలూ గడ్డిని నమలకుండానే మింగుతాయి. తునక గడ్డితో పాటు లోపలికి పోయి రెండో పొట్టలో గుచ్చుకుంటుంది, అక్కణ్నుంచి ముందుకు జరిగితే గుండె పొరకు తగులుతుంది. పశువు మేత మాని, పాలు తగ్గి, వీపు గూని చేసి నిలబడుతుంది. చాలాసార్లు అప్పటికే ఆలస్యమైపోతుంది. కోసేటప్పుడే ప్రతి తునకనూ నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకోవాలి. పని ముగిశాక పాత స్పీకరు అయస్కాంతాన్ని కర్రకు కట్టి, కంచె ఉన్న దారి పొడవునా నేలకు బెత్తెడు ఎత్తున రెండు పక్కలా తిప్పాలి. గడ్డి దట్టంగా ఉన్న చోట ముందు గడ్డి కోసి, తర్వాత ఇంకోసారి తిప్పాలి. ఆ గట్టు మీద పశువుల్ని మేతకు వదిలేది దాని తర్వాతే.